పీఎస్‌ఎల్‌ఈలో ఎంత వస్తే మంచి స్కోరు? శిరీషకు పెద్దమ్మ రాసేది

శిరీషా,

మీవాడి పీఎస్‌ఎల్‌ఈ గురించి, అదే ఇక్కడ సింగపూర్‌లో సెకండరీ స్కూల్లో చేరడానికి ఆరో తరగతి చివర రాసే పరీక్ష గురించి, రాత్రి నువ్వు పెట్టిన మెసేజ్ పొద్దున్నే చూశాను. "పెద్దమ్మా, సింగిల్ డిజిట్ రాకపోతే కష్టమేనా, అసలు ఎంత వస్తే మంచి స్కోరంటారు" అని అడిగావు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే తీరిగ్గా రాస్తున్నా.

మీరు పంపాలనుకున్న స్కూల్లో సీటు వచ్చేంత వస్తే అది మంచి స్కోరే, ఇంకో లెక్క లేదు. ముందు స్కూలు చూసుకోవాలి, ఆ తర్వాత అంకె. మనవాళ్లు చాలామంది ముందు ఒక అంకె పట్టుకుని, పిల్లాణ్ణి దాని వెనకాల పరిగెత్తించి, నవంబర్ చివర్లో రిజల్ట్స్ వచ్చాక "ఇప్పుడు ఏ స్కూలు పెట్టాలి" అని వాట్సాప్ గ్రూపుల్లో అడుగుతుంటారు.

మీ పక్క ఫ్లాట్ ఆవిడ 250 దాటాలి అందని రాశావు చూడు, అది పాత టీ స్కోరు లెక్క, 2021తో పోయింది. మా అమ్మాయి ఆ పాత పద్ధతిలో రాసింది, అప్పుడు నీ బిడ్డకి ఎంత వచ్చిందనేది పక్క పిల్లలకి ఎంత వచ్చిందనే దాన్ని బట్టి మారేది, అందుకే అంత పోటీ, అంత టెన్షన్. మావాడి నాటికి ఏఎల్, అంటే అచీవ్‌మెంట్ లెవెల్ పద్ధతి, వచ్చింది. ఇప్పుడు ఒక్కో సబ్జెక్టుకి మార్కుల్ని బట్టి 1 నుంచి 8 దాకా ఒక ఏఎల్ ఇస్తారు, ఇంగ్లిష్, మ్యాథ్స్, సైన్స్, మదర్ టంగ్ నాలుగూ కలిపితే అన్నిటికన్నా మంచిది 4, అన్నిటికన్నా తక్కువ 32. ఇక్కడ అంకె ఎంత చిన్నదైతే అంత గొప్ప. ఊళ్లో మీ అత్తగారికి ఇది ముందే చెప్పి పెట్టుకో, లేకపోతే "32కి పదకొండేనా వచ్చింది" అని బెంగపెట్టుకుంటారు, మా అత్తగారు అలాగే రెండ్రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

అసలు కిటుకు ఏ మార్కుకి ఏ ఏఎల్ అన్న దగ్గర ఉంది. 90, ఆ పైన వస్తే ఏఎల్ 1. 85 నుంచి 89 దాకా 2, 80 నుంచి 84 దాకా 3, 75 నుంచి 79 దాకా 4. ఇంతవరకూ చిన్న చిన్న మెట్లు. ఆ కింద చూడు, 65 నుంచి 74 దాకా మొత్తం ఏఎల్ 5, 45 నుంచి 64 దాకా మొత్తం ఏఎల్ 6. అంటే 46 వచ్చినవాడూ 64 వచ్చినవాడూ ఒకటే.

నువ్వు పంపిన మీవాడి మార్కులే తీసుకుందాం. ఇంగ్లిష్ 82, మ్యాథ్స్ 91, సైన్స్ 74, మదర్ టంగ్‌గా తీసుకున్న హిందీ 63. అంటే 3, 1, 5, 6, కలిపితే 15. ఇప్పుడు మ్యాథ్స్ ట్యూషన్ ఇంకో రోజు పెంచి 91ని 98 చేశావనుకో, స్కోరు 15 దగ్గరే ఉంటుంది. అదే సైన్స్‌లో ఒక్క మార్కు, హిందీలో రెండు మార్కులు పెరిగితే 13 అవుతుంది. మూడు మార్కులకి రెండు పాయింట్లు! మ్యాథ్స్ ట్యూషన్ డబ్బులు దండగ అనను, వాడికి ఇష్టమైతే చేసుకోనీ. కానీ ఈ ఏడాది మీ సమయం సైన్స్ మీదా హిందీ మీదా పెట్టాలి. మొదట్నుంచీ బాగా వచ్చే సబ్జెక్టునే ఇంకా రుద్దడం మనకి అలవాటు, చూడ్డానికి బాగుంటుంది కదా.

సైన్స్‌లో వాడికి మార్కులు ఎక్కడ పోతున్నాయో నాకు తెలుసు, పేపర్ చూడకుండానే చెప్పగలను. చల్లటి నీళ్ల గ్లాసు బయట తడి ఎలా వచ్చింది అని అడిగితే "కండెన్సేషన్" అని ఒక్క మాట రాసేసి వచ్చేస్తారు పిల్లలు. దానికి మార్కు రాదు. చుట్టూ గాలిలో ఉన్న వెచ్చటి నీటి ఆవిరి, చల్లగా ఉన్న గ్లాసు బయటి వైపుకి తగిలి, వేడి కోల్పోయి, నీటి బొట్లుగా మారింది అని మొత్తం రాయాలి. ఆవిరి ఎక్కడిది, దేనికి తగిలింది, వేడి ఎటు పోయింది, వీటిలో ఏది వదిలేసినా మార్కు కోస్తారు. వాడికి విషయం తెలుసు, రాయడం రాదు. రోజూ అలాంటివి రెండు ప్రశ్నలు చాలు, ముందు నోటితో చెప్పించి తర్వాత రాయించు.

హిందీ సంగతి వేరు. మన తెలుగు ఇక్కడ మదర్ టంగ్ జాబితాలో లేదు కదా. తమిళం ఉంది, అది కాక హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ. ఇంట్లో తెలుగు, స్కూల్లో ఇంగ్లిష్, శనివారం వెళ్లి హిందీ నేర్చుకునే పిల్లాడు, ఇంట్లో హిందీ మాట్లాడే పిల్లలతో సమానంగా రాయాలంటే మాటలా! 63 అంటే నాకు తక్కువేమీ అనిపించలేదు. మదర్ టంగ్ మినహాయింపు అడుగుదామా అని మీ ఆయన అన్నాడట, ఆ ఆలోచన వద్దు. కారణం లేకుండా ఇవ్వరు, ఇచ్చినా దానికి బదులు వేసే ఏఎల్ 6 నుంచి 8 మధ్యలోనే ఉంటుంది, వాడు ఇప్పటికే 6లో ఉన్నాడు. పైగా ఆగస్టులో ఓరల్, అంటే నోటితో మాట్లాడే పరీక్ష, ఉంటుంది, రాసే పరీక్ష కంటే పెంచుకోవడం అదే తేలిక. రోజూ పది నిమిషాలు ఏదో ఒక ఫోటో చూపించి హిందీలో మాట్లాడించు. నీ హిందీ నాకు తెలుసులే, తప్పులున్నా పర్లేదు, వాడే సరిదిద్దుతాడు, దానికి వాడికి భలే హుషారు కూడా వస్తుంది.

ఇక స్కూళ్లు. రాఫిల్స్, హ్వా చాంగ్ లాంటి పేరున్న స్కూళ్లలో కటాఫ్, అంటే సీటు దొరికిన ఆఖరి స్కోరు, 6, 7 దగ్గరే ఆగిపోతుంది, నువ్వన్న సింగిల్ డిజిట్ గొడవంతా అక్కడిది. మీవాడికి 13 వస్తుందంటే వాటి పేరెత్తడం మానేయండి, ముఖ్యంగా వాడి ముందు. సెకండరీలో పిల్లల్ని స్కోరుని బట్టి మూడు పోస్టింగ్ గ్రూపుల్లో వేస్తారు, 20 దాకా ఎంత వచ్చినా అన్నిటికన్నా పైదైన గ్రూప్ 3యే, పాత ఎక్స్‌ప్రెస్ స్థాయి అన్నమాట. 2024లో సెకండరీ వన్‌లో, అంటే సెకండరీ మొదటి ఏడాదిలో, చేరిన పిల్లల నుంచీ ఎక్స్‌ప్రెస్, నార్మల్ అనే విభజన తీసేశారు. 21, 22 వస్తే గ్రూప్ 2 గానీ 3 గానీ ఎంచుకోవచ్చు. గ్రూప్ 2లో పడ్డా, ఏదైనా సబ్జెక్టులో ఏఎల్ 5 గానీ అంతకన్నా మంచిది గానీ ఉంటే దాన్ని పై స్థాయిలో చదవనిస్తారు. కాబట్టి 22 వచ్చిందంటే బిడ్డ చదువు అయిపోయినట్టు ఏడ్చే తల్లుల్ని చూసి భయపడకు.

రిజల్ట్స్ వచ్చాక దరఖాస్తులో మొత్తం ఆరు స్కూళ్లు పెట్టుకోవచ్చు. ఒకే సీటుకి ఒకే స్కోరుతో ఇద్దరు నిలబడితే ముందు సిటిజన్‌కి, తర్వాత పీఆర్‌కి (పర్మనెంట్ రెసిడెంట్), ఆ తర్వాతే మిగతావాళ్లకి. అక్కడా సమానమైతే స్కూలుని ఎన్నో ఛాయిస్‌గా పెట్టారో చూస్తారు, చివరికి లాటరీ. మీరు పీఆర్ కాబట్టి పోయిన ఏడాది 13 దగ్గర ఆగిన స్కూల్లో 13తో మీకు సీటు ఖాయం అనుకోవద్దు, పైగా కటాఫ్ ఏటా ఒక పాయింట్ అటూ ఇటూ అవుతుంది. ఒకటి రెండు ఆశపడి పెట్టండి, మధ్యవి వాడి స్కోరుకి తగ్గట్టు, ఆఖరిది మటుకు తప్పకుండా వచ్చేది. పరువు కోసం ఆఖరిది ఖాళీగా వదిలేసినవాళ్లున్నారు, వాళ్ల పిల్లల్ని ఖాళీ ఉన్న స్కూల్లో వేశారు.

దూరం కూడా చూడు. మీ పుంగోల్ నుంచి బుకిట్ తిమాలో ఉన్న స్కూలు దాకా అయితే రోజూ వెళ్లి రావాలి, సీసీఏ (ఆటలు, క్లబ్బుల లాంటివి) ఉన్న రోజు ఇంటికొచ్చేసరికి చీకటి పడుతుంది. పన్నెండేళ్లవాడు, నాలుగేళ్లు. నేనైతే ఒకటి రెండు పాయింట్లు వదులుకునైనా దగ్గర స్కూలు వైపే మొగ్గుతాను, మీ పెదనాన్న ఒప్పుకోరు, అది వేరే సంగతి. వాడికి బ్యాడ్మింటన్ నిజంగా బాగా వస్తే డీఎస్‌ఏ, అంటే ఆట లాంటి ప్రతిభని చూసి స్కూలు నేరుగా సీటిచ్చే పద్ధతి, ఆలోచించండి, దరఖాస్తులు మే నెలలో మొదలవుతాయి. కానీ ఆ దారిలో సీటు ఒప్పుకున్నాక ఎంత మంచి స్కోరు వచ్చినా ఇంకో స్కూలుకి మారనివ్వరు, వాడితో మాట్లాడి మరీ వెళ్లండి.

ఆదివారం మధ్యాహ్నం భోజనానికి రండి. విద్యాశాఖ వెబ్‌సైట్‌లో స్కూల్‌ఫైండర్ తెరిచి మీ వైపున్న స్కూళ్ల కటాఫ్‌లు చూద్దాం, ఓపెన్ హౌస్‌లకి వేటికి వెళ్లాలో కూడా అనుకుందాం. వచ్చేటప్పుడు వాడి పీ ఫైవ్ (ఐదో తరగతి) ఆఖరి పరీక్ష పేపర్లు నాలుగూ తీసుకురా. మార్కుల కాగితం కాదు, పేపర్లు.

పెద్దమ్మ