గేర్ లివర్ కవ్వంలా తిరుగుతుంటే

ప్రశ్న: మా నాన్నగారు వాడిన 1967 నాటి ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారును రెండేళ్ల క్రితం బాగు చేయించి, ఆదివారాలు మారేడుపల్లి నుంచి ట్యాంక్‌బండ్ దాకా నడుపుతున్నాను. ఇంజిన్‌తో ఏ ఇబ్బందీ లేదు. గేర్ లివర్ మాత్రం మజ్జిగలో కవ్వంలా ఎటు తిప్పితే అటు తిరుగుతోంది. రెండో గేరు ఎక్కడుందో ప్రతిసారీ వెతుక్కోవలసి వస్తోంది. పోయిన నెల ప్యాట్నీ దగ్గర రెండో గేరు వేయబోతే రివర్స్ పళ్లు కిర్రుమన్నాయి. చూపించిన షెడ్డులో గేర్‌బాక్స్ దించి విప్పాల్సిందే అన్నారు. నిజంగా అంత అవసరమా?
— ఒక పాఠకుడు, మారేడుపల్లి

జవాబు: ఇప్పుడప్పుడే గేర్‌బాక్స్ మీద ఎవరినీ చేయి వేయనివ్వకండి. మీరు రాసిన లక్షణాల్లో గేర్‌బాక్స్ లోపలి జబ్బును సూచించేది ఒక్కటీ లేదు. అన్నీ లివర్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య ఉన్న దారిలోని అరుగుదలనే సూచిస్తున్నాయి.

బీటిల్‌లో ఇంజిన్ వెనక ఉంటుంది, గేర్‌బాక్స్ ఇంజిన్‌కు ముందువైపు, రెండు వెనక చక్రాల మధ్య ఉంటుంది, లివర్ మాత్రం ముందు సీట్ల మధ్య ఉంటుంది. లివర్‌నూ గేర్‌బాక్స్‌నూ కలిపేది కారు నేల మధ్యలో ఉబ్బెత్తుగా కనిపించే టనెల్ లోపల సాగే ఒక పొడవాటి రాడ్. లివర్ అడుగున ఉన్న గుండ్రటి కొస ఆ రాడ్ మీది గిన్నెలో కూర్చుంటుంది. రాడ్ ముందు భాగాన్ని ఒక ప్లాస్టిక్ బుష్, అంటే రాడ్ చుట్టూ ఉండే చిన్న తొడుగు, మోస్తుంది. వెనక చివర రబ్బరు బుష్‌లున్న ఒక కప్లింగ్ దాన్ని గేర్‌బాక్స్‌లోంచి వచ్చే షాఫ్ట్‌కు కలుపుతుంది. స్టీరింగ్ కింద గేర్ ఉండే పాత అంబాసిడర్‌నో, ప్రీమియర్ పద్మినినో నడిపినవారికి లివర్‌ను గేర్‌బాక్స్‌కు కలిపే ఇలాంటి అమరిక, అంటే లింకేజీ, అరిగితే చేతికి ఎలా తెలుస్తుందో చెప్పనక్కరలేదు. ఇక్కడా అదే కథ. లివర్‌లో కీలుకు పైనున్న భాగం పొడవు, కిందున్న భాగం పొట్టి కనుక, అడుగున ఒక మిల్లీమీటరు అరిగితే చేతి దగ్గరికి వచ్చేసరికి అది అనేక రెట్లవుతుంది. అలాంటి అరుగుదల మూడు చోట్ల కలిసిందంటే, రెండో గేరూ దాని పక్కనే ఉండే రివర్సూ చేతికి ఒకటే అనిపిస్తాయి.

పానా పట్టకముందు కారు ఆపి, ఇంజిన్ కట్టేసి, నాలుగు గేర్లూ రివర్సూ ఒక్కొక్కటిగా వేసి చూడండి. ఇంజిన్ ఆగినప్పుడు కూడా గేర్లు తడబడితే లోపం లింకేజీలో ఉంది. ఆగినప్పుడు సాఫీగా పడుతూ, ఇంజిన్ నడుస్తున్నప్పుడు మాత్రమే మొరాయిస్తే క్లచ్ పూర్తిగా విడవడం లేదని అర్థం. ఈ రెంటినీ కలిపేసి చూడడం వల్లనే మంచి గేర్‌బాక్స్‌లు ఊరికే బల్ల మీదికి ఎక్కుతుంటాయని నా అభిప్రాయం.

తరువాత వెనక సీటు కింది దిండును తీయండి. బ్యాటరీ కూడా అక్కడే ఉంటుంది కనుక ముందు దాని నెగెటివ్ వైరు విప్పడం మంచిది. పైగా బ్యాటరీ మీద మూత లేకపోతే సీటు స్ప్రింగులు టెర్మినళ్లకు తగిలి మంటలు లేచే ప్రమాదం ఈ కార్లలో ఉంది, కాబట్టి పనిలో పనిగా అదీ చూసుకోండి. టనెల్ వెనక చివర ఒక్క స్క్రూతో బిగించిన చిన్న మూత కనిపిస్తుంది. దాన్ని తీసి, టార్చి వేసి, ఇంట్లో ఎవరినైనా లివర్‌ను గేరులో ఉంచి అటూ ఇటూ కదిలించమనండి. లివర్ కదులుతున్నా రాడ్ కదలకపోతే తప్పు ముందున్న బుష్‌లోనో గిన్నెలోనో ఉంది. రాడ్ కదులుతూ, కప్లింగ్‌కు అవతల ఉన్న షాఫ్ట్ ఆలస్యంగా కదిలితే కప్లింగ్ రబ్బర్లు పోయాయి. చాలా పాత కార్లలో రెండూ పోయే ఉంటాయి, ఎందుకంటే వాటిని ఎవరూ ముట్టుకోరు.

ముందు భాగం పని ఒక పూట పడుతుంది. న్యూట్రల్‌లో ఉంచి, లివర్ అడుగున ఉన్న రెండు బోల్టులను 13 నంబరు పానాతో విప్పితే లివర్, స్ప్రింగు, దాని కింద ఒక చిన్న రేకు పైకి వస్తాయి. ఆ రేకును పైకెత్తే ముందే అది ఎటు తిరిగి ఉందో ఫోటో తీసి పెట్టుకోండి. లివర్‌ను కిందికి నొక్కితే తప్ప రివర్స్ పడకుండా కాపలా కాసేది ఆ రేకే. దాని అంచు అరిగినా, తిరగేసి బిగించినా కాపలా పోతుంది. ప్యాట్నీ దగ్గర మీరు విన్న కిర్రుమనే చప్పుడుకు ఇదే కారణమయ్యే అవకాశం ఎక్కువ.

ఇప్పుడు వెనక కప్లింగ్‌ను విడదీసి, టనెల్ లోపలి రాడ్‌ను మెల్లగా జరిపితే దాని కొస బుష్‌లోంచి బయటికి వస్తుంది. నా కారులో మొదటిసారి ఈ పని చేసినప్పుడు బుష్ అనేదే కనిపించలేదు. దాన్ని పట్టి ఉంచే ఉక్కు రింగు ఒక్కటే బ్రాకెట్‌లో వేలాడుతోంది. బుష్ మూడు ముక్కలై టనెల్ అడుగున, చింతపండు పిసికిన పిప్పిలా నల్లబడిన గ్రీజులో పడి ఉంది. అన్నేళ్లూ ఆ రాడ్ ఇనుప బ్రాకెట్ మీదే గలగలమంటూ నడిచింది. ఆ గలగలను నేను సైలెన్సర్ చప్పుడనుకుని రెండుసార్లు సైలెన్సర్ మార్పించాను!

కొత్త బుష్‌ను వేడినీళ్లలో కాసేపు ఉంచితే మెత్తబడి బ్రాకెట్‌లో సులువుగా కూర్చుంటుంది. రింగు దాని గాడిలో సరిగా పడిందో లేదో వేలితో తడిమి చూసుకోండి. పాత గ్రీజంతా కిరసనాయిలుతో తుడిచి, రాడ్‌కూ గిన్నెకూ లివర్ కొసకూ కొత్త గ్రీజు ధారాళంగా పట్టించండి.

కప్లింగ్ దగ్గర ఒక్క జాగ్రత్త ముఖ్యం. షాఫ్ట్‌ను పట్టి ఉంచేది చదరపు తల ఉన్న ఒక చిన్న స్క్రూ. దాని మొన షాఫ్ట్ మీద ఉన్న చిన్న గుంటలో దిగాలి; గుంట పక్కన నున్నటి చోట బిగిస్తే వారం రోజులు బాగానే పనిచేసి, తరువాత జారిపోతుంది. బిగించాక స్క్రూ తలలోని రంధ్రంలోంచి సన్నటి ఇనుప తీగను దూర్చి, స్క్రూ విప్పుకునే దిశకు ఎదురుగా లాగి కట్టాలి. ఈ తీగ కట్టడాన్ని చాదస్తంగా కొట్టిపారేసే మెకానిక్‌లు ఉన్నారు. ఆ స్క్రూ ఊడిందంటే లివర్ ఎంత తిప్పినా గేర్‌బాక్స్‌కు కబురందదు. కారు ఏ గేరులో ఉంటే ఆ గేరులోనే మిగిలిపోతుంది.

తిరిగి బిగించేటప్పుడు ముందున్న రెండు బోల్టులను వదులుగా ఉంచి, రెండో గేరు వేసి, లివర్ పీఠాన్ని ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా జరుపుతూ, నాలుగు గేర్లూ తేలిగ్గా పడి, లివర్‌ను కిందికి నొక్కకుండా రివర్స్ పడని స్థానం దొరికాక బిగించండి. ఈ సర్దుబాటుకు తొందర పనికిరాదు, అర మిల్లీమీటరు కూడా తేడా చూపిస్తుంది.

ఇంత చేశాక కూడా గేరు దానంతట అది జారిపోతుంటే, గేర్‌బాక్స్‌ను మోసే రబ్బరు మౌంటింగులను చూడండి. క్లచ్ వదిలి యాక్సిలేటర్ నొక్కినప్పుడు లివర్ ముందుకో వెనక్కో తన్నుకుంటే ఆ రబ్బర్లు చిరిగినట్టే. అవి చిరిగితే గేర్‌బాక్స్ మొత్తం కదులుతుంది, కారు నేలలో ఉన్న రాడ్ కదలదు, ఆ తేడా గేరును బయటికి లాగుతుంది. అవి కూడా బాగుండి, క్లచ్ సరిగా విడుస్తూ, నిదానంగా మార్చినా రెండో గేరు అరుస్తూనే ఉంటే అప్పుడు సింక్రో రింగులు (గేరు పడేముందు పళ్ల వేగాలను సమం చేసే రింగులు) అరిగాయని ఒప్పుకుని గేర్‌బాక్స్ దించవచ్చు.

ప్రశ్న: నా బీటిల్‌లో మిగతా గేర్లన్నీ చక్కగా పడతాయి. పొద్దున్నే ఇంటి ముందు రివర్స్ వేస్తే మాత్రం వీధంతా వినబడేలా అరుస్తుంది.
— ఒక పాఠకురాలు, తార్నాక

జవాబు: 1960 ఆగస్టు తరువాత వచ్చిన చాలా బీటిల్ గేర్‌బాక్స్‌లలో ముందుకు వెళ్లే నాలుగు గేర్లకూ సింక్రో ఉంది, రివర్స్‌కు లేదు. క్లచ్ నొక్కి మూడు నాలుగు సెకన్లు ఆగి, ఒకసారి మొదటి గేరు వేసి తీసి, ఆ తరువాత రివర్స్ వేయండి. అప్పటికీ అరిస్తే క్లచ్ పూర్తిగా విడవడం లేదు. పెడల్‌ను చేత్తో నొక్కి చూస్తే బిగువు తగలకముందు 10 నుంచి 20 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. అంతకన్నా ఎక్కువుంటే కారు కిందికి దూరి, గేర్‌బాక్స్‌కు ఎడమ పక్కన క్లచ్ కేబుల్ చివర ఉన్న రెక్కల నట్టును బిగించండి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కిందికి దూరకండి, స్టాండ్లు పెట్టండి.

ప్రశ్న: ముందు బుష్‌ను బాలానగర్‌లో లేత్ మీద ఇత్తడితో చేయించుకుంటే జీవితాంతం ఉంటుందని మిత్రులు అంటున్నారు. అలాగే గేర్‌బాక్స్‌లో ఏ ఆయిల్ పోయాలి?
— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ఇత్తడి బుష్ త్వరగా అరగదన్న మాట నిజమే, కాని ఇంజిన్ అదురునంతా రాడ్ ద్వారా తెచ్చి మీ అరచేతిలో పెడుతుంది. తయారీదారులు ప్లాస్టిక్ వాడింది పొదుపు కోసం మాత్రమే కాదు. తప్పనిసరై లేత్ మీద చేయించేటట్టయితే నైలాన్ కడ్డీ నుంచి తీయించండి. రాడ్ వ్యాసాన్ని అరగని చోట కొలిచి ఇవ్వండి, పాత బుష్‌ను నమూనాగా ఇస్తే దాని అరుగుదలతో సహా కొత్తది తయారవుతుంది.

గేర్‌బాక్స్‌లో జీఎల్-4 రకం, 80డబ్ల్యూ-90 చిక్కదనం ఉన్న గేర్ ఆయిల్ సుమారు రెండున్నర లీటర్లు పడుతుంది. షాపులో జీఎల్-5 ఇంకా మెరుగైనదని చెప్పి ఇవ్వవచ్చు. వాటిలో కొన్నింట్లో ఎక్కువగా ఉండే గంధక పదార్థాలు సింక్రోలలోని ఇత్తడికి మంచివి కావు కనుక డబ్బా మీది అంకె చదివి తీసుకోండి. పాత ఆయిల్ వదిలే ముందు, పక్కనున్న 17 నంబరు అలెన్ కీ పట్టే నింపే బిరడా ఊడుతుందో లేదో చూసుకోండి. అది తుప్పుతో బిగుసుకుపోయి ఉంటే, కింది బిరడా విప్పి ఆయిల్ ఖాళీ చేశాక నింపే దారి లేక కారు అక్కడే ఉండిపోతుంది.