పాఠకుల ప్రశ్నలు: జ్ఞాపకాన్ని సహించని ప్రభుత్వాలు

ప్రశ్న: నిరంకుశ ప్రభుత్వాలను ఊహించి రాసిన నవలలను ఈ మధ్య వరుసగా చదువుతున్నాను. వాటిలోని పాలకులకు పోలీసులు, జైళ్లు, చిత్రహింసల గదులు అన్నీ ఉన్నాయి. అయినా పాత పత్రికలను తిరగరాయడానికి, పౌరులను గాజు ఇళ్లలో ఉంచడానికి అంత శ్రమ ఎందుకు పడతారు? భయపెడితే సరిపోదా? (ఎం.ఏ. విద్యార్థిని, విశాఖపట్నం)

జవాబు: భయం మనిషి నోరు మూయించగలదు గాని, జరిగినదేమిటో అతనికి తెలియకుండా చేయలేదు. తెలిసినవాడు ఈరోజు ఊరుకున్నా, రేపు నమ్మకస్తుడైన మరొకరితో చెప్పుకోవచ్చు. ఆ ఇద్దరూ ‘అవును, ఇలాగే జరిగింది’ అని ఒప్పుకున్న క్షణం నుంచి ప్రభుత్వం చెప్పే మాటకు పోటీగా మరో మాట పుడుతుంది. ఈ నవలల్లోని పాలకులు అడ్డుకోదలచుకున్నది దానినే. అందుకే వారి మొదటి దెబ్బ రాతమూలక సాక్ష్యం మీద, మనిషికీ మనిషికీ మధ్య ఉండే నమ్మకం మీద పడుతుంది.

జార్జ్ ఆర్వెల్ 1949లో ప్రచురించిన ‘1984’లో ఒక చిన్న ఘట్టం ఉంది, చిత్రహింసల అధ్యాయాల కన్నా నన్ను ఎక్కువగా కలవరపెట్టేది అదే. ఆ ఏడాది చాక్లెట్ రేషన్ తగ్గించబోమని ఫిబ్రవరిలో హామీ ఇచ్చిన ప్రభుత్వం, ఏప్రిల్‌లో దాన్ని 30 గ్రాముల నుంచి 20 గ్రాములకు తగ్గిస్తుంది. సత్య మంత్రిత్వ శాఖలో పనిచేసే విన్‌స్టన్ స్మిత్ పాత పత్రికలోని ఆ హామీని తొలగించి, రేషన్ తగ్గించవలసి రావచ్చన్న హెచ్చరికను ఆ స్థానంలో చేరుస్తాడు. పనికిరాని కాగితాలు గోడలోని రంధ్రం గుండా కొలిమికి పోతాయి. ఒక్క రోజు గడిచేసరికి, రేషన్‌ను 20 గ్రాములకు పెంచినందుకు జనం ఊరేగింపులు జరిపి కృతజ్ఞతలు తెలిపారని టెలిస్క్రీన్ (వార్తలు చెబుతూనే మనుషులను గమనించే తెర) ప్రకటిస్తుంది. క్యాంటీన్‌లో దగ్గర కూర్చున్న పార్సన్స్ ఏ ఇబ్బందీ లేకుండా నమ్ముతాడు. చదువుకున్నవాడైన సైమ్ కూడా తనదైన మెలికతో నమ్ముతాడు. ఇది గుర్తున్నవాడిని నేనొక్కడినేనా అని విన్‌స్టన్ తనను తాను ప్రశ్నించుకుంటాడు. ఆ క్షణంలో అతన్ని ఎవరూ కొట్టడం లేదు, బెదిరించడం లేదు. కాగితం లేదు, సాక్షి లేడు. మిగిలిన ఒంటరి జ్ఞాపకాన్ని ఇక అతడే అనుమానించుకోవాలి.

అదే నవలలో మరొక సంగతిని చాలామంది పాఠకులు గమనించకుండా దాటిపోతారు. విన్‌స్టన్ డైరీ రాయడం ఆ దేశంలో చట్టవిరుద్ధం కాదు, ఎందుకంటే అక్కడ చట్టాలే లేవు. అయినా పట్టుబడితే మరణశిక్షో, కనీసం 25 ఏళ్ల నిర్బంధ శ్రమో తప్పదు. చట్టం ఎంత కఠినమైనదైనా దానికొక హద్దు ఉంటుంది, ఆ హద్దుకు ఇవతల మనిషి కాస్త ఊపిరి పీల్చుకోగలడు. హద్దు ఎక్కడుందో చెప్పని చోట ప్రతి మనిషీ తనకు తానే కాపలా కాసుకోవలసి వస్తుంది. నిద్రలో పలికిన మాటలను తలుపు సందులోంచి విని ఏడేళ్ల కూతురే పార్సన్స్‌ను పట్టిస్తుంది. జైలు గదిలో కూర్చుని ఆయన ఆ పిల్లను చూసి గర్వపడుతున్నానంటాడు. తల్లిదండ్రులెవరికైనా ఆ పుట దాటడం కష్టం.

గాజు ఇళ్లు రష్యన్ రచయిత ఎవ్‌గెనీ జమ్యాతిన్ 1920-21లో రాసిన ‘మేము’ అనే నవలలోవి. ఆయన నౌకానిర్మాణ ఇంజనీరు. కాలపట్టిక ప్రకారం లక్షలమంది ఒకే నిమిషంలో లేచి, ఒకే నిమిషంలో చెంచా ఎత్తి, ఒక్కో ముద్దను 50 సార్లు నమిలే రాజ్యాన్ని యంత్రాలు తెలిసినవాడు గనుకనే అంత నిర్దిష్టంగా ఊహించగలిగాడు. అక్కడ మనుషులకు పేర్లు లేవు, అంకెలున్నాయి. లైంగిక సంబంధానికి అనుమతిగా ప్రభుత్వం ఇచ్చే గులాబీ రంగు చీటీ చూపిన గంటకు మాత్రమే కిటికీ తెరలు దించుకునే హక్కు ఉంటుంది. చివరికి ఊహాశక్తినే శస్త్రచికిత్సతో తొలగిస్తారు. జార్ కాలంలోనూ, బోల్షివిక్కుల పాలనలోనూ జైలు చూసిన జమ్యాతిన్ నవల 1924లో న్యూయార్క్‌లో ఇంగ్లీషులో వెలువడింది. సొంత దేశంలో అచ్చు కావడానికి 1988 దాకా ఆగవలసి వచ్చింది.

ప్రశ్న: ‘1984’ కేవలం సోవియట్ వ్యతిరేక ప్రచారమని మా నాన్నగారు అంటారు. అది నిజమేనా? (ఉపాధ్యాయుడు, ఖమ్మం)

జవాబు: ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో ఆ నవలను ప్రచారానికి విరివిగా వాడుకున్నారు కనుక మీ నాన్నగారి అభిప్రాయానికి కారణం లేకపోలేదు. స్టాలిన్ పాలన ఛాయలు అందులో స్పష్టంగా ఉన్నాయి. కాని రచయిత అనుభవం అంతకంటే విస్తృతమైనది. బిహార్‌లోని మోతీహారిలో 1903లో పుట్టిన ఆర్వెల్, 1922 నుంచి 1927 వరకు బర్మాలో బ్రిటిష్ సామ్రాజ్య పోలీసు అధికారిగా పనిచేశాడు. అంటే అణచివేతను మొదట అధికారి కుర్చీలోంచే చూశాడు. ఆ తర్వాత స్పెయిన్ అంతర్యుద్ధంలో ఫాసిస్టులపై పోరాడి, 1937లో గొంతులోంచి తుపాకి గుండు దూసుకుపోయినా బతికాడు. ఆయన దళం ఏ రాజకీయ పక్షానికి చెందినదో ఆ పక్షాన్నే సోవియట్ మద్దతున్న కమ్యూనిస్టులు ఫాసిస్టు ఏజెంట్లని ముద్ర వేసి వెంటాడడంతో, భార్యతో కలిసి దేశం దాటవలసి వచ్చింది. పోరే జరగని చోట మహాయుద్ధాలు జరిగినట్లు, వందలమంది చనిపోయిన చోట ఏమీ జరగనట్లు పత్రికలు రాయడం తాను అక్కడే చూశానని ఆయన తర్వాత రాశాడు. 1941 నుంచి 1943 దాకా బీబీసీలో భారతీయ శ్రోతల కోసం ప్రసారాలు చేస్తూ, యుద్ధకాలపు సెన్సారును లోపలినుంచి కూడా ఎరిగాడు.

తన నవల సోషలిజం మీద గాని, బ్రిటిష్ లేబర్ పార్టీ మీద గాని దాడి కాదని ఆర్వెల్ 1949లోనే ఒక లేఖలో స్పష్టం చేశాడు. ఇంగ్లీషు మాట్లాడేవారు పుట్టుకతోనే ఇతరుల కన్నా మెరుగైనవారు కారని గుర్తుచేయడానికే కథను బ్రిటన్‌లో నడిపానని కూడా అందులో చెప్పాడు. ఇంట్లో ఈ లేఖ సంగతి చెప్పి, నాన్నగారితో కలిసి నవలను మరోసారి చదవండి.

ప్రశ్న: ‘బ్రేవ్ న్యూ వరల్డ్’లో అందరూ సంతోషంగానే ఉంటారు కదా, దాన్ని అణచివేత అని ఎలా అంటాం? (గృహిణి, హైదరాబాద్)

జవాబు: 1932లో వచ్చిన ఆల్డస్ హక్స్లీ నవలలో పిల్లలు సీసాల్లో పెరుగుతారు. పుట్టకముందే ఆల్ఫా నుంచి ఎప్సిలాన్ వరకు అంతస్తులు నిర్ణయమవుతాయి. దిగువ అంతస్తు పిండానికి ప్రాణవాయువు తగ్గించి, బుద్ధి ఎదగకుండా చేస్తారు. ఆ పిల్లవాడు పెద్దయ్యాక తన బతుకుతో తృప్తిపడితే, ఆ తృప్తి కూడా ప్రభుత్వం తయారు చేసినదే. మరో జీవితం ఉండగలదన్న ఆలోచనే రాకుండా చేసిన తర్వాత అతని సమ్మతిని సమ్మతిగా లెక్కించలేము. నా దృష్టిలో ఇది ఆర్వెల్ చూపిన దౌర్జన్యం కన్నా తేలికైనది కాదు. హక్స్లీ 1949 అక్టోబరులో ఆర్వెల్‌కు లేఖ రాస్తూ, లాఠీలు, జైళ్ల కన్నా శైశవం నుంచి మనసును మలచడమే పాలకులకు ఎక్కువ లాభసాటి అని వాదించాడు. రే బ్రాడ్‌బరీ 1953లో రాసిన ‘ఫారెన్‌హీట్ 451’లో పుస్తకాలను తగలబెట్టే దళాధిపతి బీటీ, ఇది మొదట ప్రభుత్వం నుంచి రాలేదని, జనమే చదవడం మానుకున్నారని అంటాడు. అతని మాట పూర్తిగా నమ్మదగినది కాదు గాని, తోసిపుచ్చగలిగినది కూడా కాదు.

ప్రశ్న: ఈ నవలలను ఏ క్రమంలో చదవమంటారు? (డిగ్రీ విద్యార్థి, అనంతపురం)

జవాబు: ‘1984’తో మొదలుపెట్టి జమ్యాతిన్‌కు వెళ్లండి. తర్వాత మార్గరెట్ ఆట్‌వుడ్ 1985లో ప్రచురించిన ‘ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్’ చదవండి. స్త్రీల ఉద్యోగాలూ బ్యాంకు ఖాతాలూ ఒక్క రోజులో పోయే ఆ కథలో, చరిత్రలో ఎక్కడా జరగనిదేదీ చేర్చకూడదని రచయిత్రి నియమం పెట్టుకుంది. ‘1984’ చివర ఆ రాజ్యపు అధికార భాషను వివరించే అనుబంధాన్ని మాత్రం వదిలేయకండి. అమెరికాలోని ఒక పెద్ద పుస్తక సంఘం ఆ అనుబంధాన్ని, మధ్యలో ప్రభుత్వ శత్రువుగా ముద్రపడిన గోల్డ్‌స్టీన్ రాసినట్లు చూపిన గ్రంథభాగాన్ని తీసేయమని కోరితే, ఎంతో డబ్బు పోగొట్టుకునే ప్రమాదం ఉన్నా ఆర్వెల్ ఒప్పుకోలేదు. చివరికి ఆ సంఘమే దిగివచ్చింది. ఆ అనుబంధమంతా భూతకాలంలో, ఆ ప్రభుత్వం ఎప్పుడో అంతరించిపోయినట్లుగా రాసి ఉంటుంది.