నిద్రమాత్ర అడిగావు కదా, ముందు ఇది చదువు

ఒరే నాన్నా, నిద్ర పట్టట్లేదు మావయ్యా ఏదైనా మాత్ర చెప్పు అన్నావు, నేను చెప్పను. నీ మాటల్నిబట్టి చూస్తే నిద్ర పట్టక కాదురా, పట్టిన నిద్రని కడుపులోంచి గొంతువైపు పైకొచ్చే యాసిడ్ లేపేస్తోంది. అర్ధరాత్రి పొడిదగ్గుతో లేవడం, నోట్లో పుల్లగా రావడం, పొద్దున్నే గొంతు బొంగురుపోవడం, ఇవి చాలావరకు దాని గుర్తులే. పగలు కూర్చునో నిలబడో ఉంటాం, లాలాజలం మింగుతూ ఉంటాం కాబట్టి పైకొచ్చిన యాసిడ్ గబుక్కున దిగిపోతుంది, పడుకున్నాక లాలాజలమూ తగ్గుతుంది మింగడమూ తగ్గుతుంది, అది అక్కడే ఉండి మండిస్తుంది. నిద్రమాత్ర వేసుకుంటే మెలకువ రాదు సరే, మింగడం కూడా ఉండదు, యాసిడ్ ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. అందుకే వద్దంటున్నా.

రాత్రి భోజనానికీ పడకకీ మధ్య 3 గంటలైనా ఉండాలి, నువ్వు పదింటికి తిని పదిన్నరకి పడుకుంటే ఏ మందూ ఏం చెయ్యలేదు. నూనె ఎక్కువున్నవి కడుపులోంచి లేటుగా కదుల్తాయి, వాటిని మధ్యాహ్నానికి మార్చుకో. సిగరెట్టు, మందు సంగతి నీకే తెలుసు, నేను మళ్ళీ మొదలెట్టను.

ఇంకోటి, మూడు దిండ్లు పెట్టుకుంటున్నా అన్నావు, తీసెయ్. దిండ్లతో మెడా నడుమూ వంగి పొట్ట మీద ఒత్తిడి పెరుగుతుంది తప్ప లాభం లేదు. మంచం తలవైపు కోళ్ల కింద చెక్క దిమ్మలు పెట్టి 6 నుంచి 8 అంగుళాలు లేపు, కదలకుండా గట్టిగా ఉన్నాయో లేదో కూర్చుని చూసుకో. మంచం లేపడం కుదరకపోతే నడుము దగ్గర్నుంచి భుజాల దాకా ఏటవాలుగా ఉండే వెడ్జ్ దిండు తీసుకో. ఎడమవైపు తిరిగి పడుకో, అప్పుడు కడుపు అన్నవాహిక కంటే కిందికి ఉంటుంది, కుడివైపు పడుకుంటే ఉల్టా. మొదట్లో చిరాగ్గానే ఉంటుంది, అలవాటవుతుంది.

ఆ గ్యాస్ మాత్ర పడుకునే ముందు వేసుకుంటున్నావేమో, ఒమెప్రజోల్ లాంటివి తిండికి అరగంట ముందు వేసుకుంటేనే బాగా పనిచేస్తాయి. నెలల తరబడి నీ అంతట నువ్వే మింగుతూ పోకు.

మింగుతుంటే అడ్డంపడినట్టున్నా, ఊరికే బరువు తగ్గినా, మలం నల్లగా వచ్చినా వెంటనే డాక్టర్‌కి చూపించు. ఛాతీ బిగుతుగా పట్టేసి చేతికో దవడకో నొప్పి లాగి చెమటలు పడితే ఎసిడిటీ అనుకోకుండా తిన్నగా ఎమర్జెన్సీకి వెళ్ళు. డాక్టర్ దగ్గరికెళ్ళేటప్పుడు ఒంటినొప్పులకి వేసుకునే మాత్రల స్ట్రిప్పు కూడా పట్టుకెళ్ళు, వాటిల్లో కొన్ని కడుపుకి అస్సలు పడవు.