స్క్రిప్ట్‌తో ఫార్వర్డ్ చేసిన మెయిల్ జీమెయిల్‌కి చేరకపోతే

మీరు అడిగింది ఇది: బొబ్బిలిలో వీణల షాపు, సొంత డొమైన్, సీప్యానెల్ హోస్టింగ్. షాపు అడ్రస్‌కి వచ్చిన మెయిల్‌ని ఒక పీహెచ్‌పీ స్క్రిప్ట్ చదివి, రిపేరు సంగతైతే మీ నాన్నగారి జీమెయిల్‌కి, కొత్త ఆర్డరైతే మీ జీమెయిల్‌కి పంపాలి. కొన్ని స్పామ్‌లో పడుతున్నాయి, యాహూ నుంచి రాసినవాళ్లవి అసలు రావడం లేదు.

పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ మెయిల్ నేను చూస్తాను. అక్కడా అచ్చం ఇదే జరిగింది. డబ్ల్యూ 320 రకం జీడిపప్పు రేటు అడిగిన బేరగాడి మెయిల్ ఓనరు గారికి చేరనే లేదు, ఆయన జవాబివ్వడం లేదని బేరం వేరే చోటికి పోయింది. కాబట్టి మీ టెన్షన్ నాకు తెలుసు.

మీ స్క్రిప్ట్ కొత్త మెయిల్ తయారుచేసి, ఫ్రమ్‌లో మాత్రం కస్టమర్ అడ్రసే పెడుతోంది. యాహూ పేరుతో మీ సర్వర్ నుంచి మెయిల్ వస్తే జీమెయిల్ ఎందుకు నమ్మాలి? ఆ డొమైన్ పేరుతో పంపే హక్కు ఏ సర్వర్లకు ఉందో చూసే ఎస్‌పీఎఫ్ పరీక్ష అక్కడే పోయింది. ఇక మిగిలింది డీకిమ్, అంటే పంపిన డొమైన్ మెయిల్ మీద వేసే డిజిటల్ సంతకం. అది కవరు మీద లక్క ముద్ర లాంటిది. సబ్జెక్టు ముందు ‘ఆర్డర్’ అని చేర్చినా, కింద ఒక లైను అతికించినా ముద్ర చెదిరిపోతుంది. ఫ్రమ్‌లోని డొమైన్ పేరు మీద ఈ రెండిట్లో ఒక్కటైనా నిలబడాలని డీమార్క్ అనే నియమం అడుగుతుంది. నిలబడకపోతే తిప్పికొట్టమని యాహూ 2014 ఏప్రిల్ నుంచీ చెబుతోంది. జీమెయిల్ ఆ మాటే పాటిస్తోంది.

అందుకని మెయిల్‌లో ఒక్క అక్షరం కూడా మార్చకండి. స్క్రిప్ట్ సబ్జెక్టు చదివి ఎవరికి పంపాలో తేల్చుకుంటే చాలు. వచ్చిన మెయిల్‌ని ఉన్నదున్నట్టు సర్వర్‌లో మెయిల్ పంపే సెండ్‌మెయిల్ ప్రోగ్రాముకి అందించి, ఎన్వలప్ సెండర్‌గా (అంటే చేరని మెయిల్ తిరిగి వచ్చే అడ్రస్‌గా) మాత్రం మీ డొమైన్ అడ్రస్ ఇవ్వండి. పీహెచ్‌పీలోని మెయిల్ ఫంక్షన్ ఈ పనికి వాడొద్దు. సబ్జెక్టు మార్చక తప్పదంటే ఫ్రమ్‌లో మీ డొమైన్ అడ్రస్, రిప్లై-టూలో కస్టమర్ అడ్రస్ పెట్టండి. సగం ఇదీ సగం అదీ కలిపితే మాత్రం మెయిల్ చేరదు. పలాసలో నేను మొదటి పద్ధతే పెట్టాను, యాహూ మెయిళ్లు రావడం మొదలైంది.

ఎన్వలప్ సెండర్‌గా ఇచ్చే అడ్రస్ ఈ స్క్రిప్ట్‌కి వెళ్లేది కాకూడదు, వేరే మెయిల్‌బాక్స్ ఉండాలి. లేకపోతే తిరిగొచ్చిన మెయిల్ మళ్లీ స్క్రిప్ట్‌లోకే వచ్చి అక్కడక్కడే తిరుగుతుంది. సెండర్ ఖాళీగా ఉన్నవి బౌన్స్ మెయిళ్లు (చేరలేదని తిరిగొచ్చే కబుర్లు), వాటిని ఫార్వర్డ్ చేయకండి. స్క్రిప్ట్ తెర మీదికి ఏమీ ప్రింట్ చేయకూడదు, ఒక్క వార్నింగ్ వచ్చినా అది కస్టమర్‌కి బౌన్స్‌గా వెళ్లిపోవచ్చు. ఏదైనా తేడా వస్తే 75 అనే ఎగ్జిట్ కోడ్‌తో ఆపండి. అప్పుడు సర్వర్ మెయిల్‌ని క్యూలో ఉంచి తర్వాత మళ్లీ ప్రయత్నిస్తుంది. అన్నిటికన్నా ముందు, ప్రతి మెయిల్ కాపీ ఒకటి సర్వర్‌లోని మామూలు మెయిల్‌బాక్స్‌లో పడేలా చూడండి. ఇది మాత్రం దయచేసి వదలకండి, అది మీ నాన్నగారి వ్యాపారం.

మెయిల్ సర్వర్‌ని షాపులో పాత కంప్యూటర్ మీద పెట్టొచ్చా అని కూడా అడిగారు. వద్దండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు పలాసలో రోజుల తరబడి కరెంటు లేదు. పంపే సర్వర్లు సాధారణంగా నాలుగైదు రోజులు ప్రయత్నించి, ఆ తర్వాత మెయిల్‌ని వెనక్కి పంపేస్తాయి. పైగా ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌లో మెయిల్ సర్వర్లు ఒకదానికొకటి మెయిల్ అందించే 25వ పోర్టు చాలాచోట్ల మూసి ఉంటుంది.

మార్చాక ఒక యాహూ అడ్రస్ నుంచి మీరే షాపుకి మెయిల్ పంపుకోండి. అది చేరిన జీమెయిల్‌లో ‘షో ఒరిజినల్’ నొక్కితే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ ఫలితాలు పైనే కనిపిస్తాయి. డీకిమ్ ఇంకా ఫెయిల్ అంటుంటే, అడ్రస్‌లు తీసేసి ఆ హెడర్లు ఇక్కడ పెట్టండి, ఎక్కడ మారుతోందో చూస్తాను.