పిల్లల చానెల్‌లో రాదు, నానమ్మ సీరియల్‌లో వస్తుంది

ప్రశ్న: మా బాబుకు ఏడేళ్లు. రాత్రి వాళ్ల నానమ్మ పక్కన కూర్చుని సీరియల్ చూస్తాడు, బ్రేక్‌లో చిప్స్ యాడ్ రాగానే అదే కావాలని ఏడుపు మొదలు. పిల్లలకు ఇలాంటి యాడ్స్ చూపించబోమని కంపెనీలే మాటిచ్చాయని ఎక్కడో చదివాను. మరి ఇదంతా ఏంది సార్?
– ఒక తల్లి, మిర్యాలగూడ

జవాబు: మాటిచ్చిన సంగతి నిజమేనమ్మా. పిల్లల చానెళ్లలో జంక్ ఫుడ్ యాడ్స్ వెయ్యబోమని తొమ్మిది పెద్ద కంపెనీలు తమంతట తామే ఒప్పుకున్నాయని 2018లో కేంద్రం పార్లమెంటులో చెప్పింది కూడా. కిటుకంతా ఆ 'పిల్లల చానెల్' అన్న మాటలోనే ఉంది. మీవాడు చూసేది నానమ్మ సీరియల్, లేకపోతే నాన్నతో క్రికెట్, లెక్క ప్రకారం రెండూ పెద్దవాళ్లవే. కోటి మంది చూసే మ్యాచ్‌లో పదో వంతు పిల్లలనుకున్నా పది లక్షల మంది, అయినా అది పిల్లల ప్రోగ్రాం కాదు! అమెరికాలో 2006లో కంపెనీలు పెట్టుకున్న కట్టుబాటుదీ ఇదే తంతు, చూసేవాళ్లలో ఇంత శాతం పిల్లలుంటేనే అది వర్తిస్తుంది.

ముంబైలో 1985 నుంచి ఆస్కీ అని ఒకటుంది. యాడ్స్ ఇచ్చేవాళ్లు, తీసేవాళ్లు, వేసేవాళ్లు కలిసి పెట్టుకున్న సంఘం, సర్కారు ఆఫీసు కాదు. దాని నియమాలు దాటిన యాడ్ టీవీలో రాకూడదని కేబుల్ రూల్స్‌లోనూ ఉంది కాబట్టి ఉత్తదేనని కొట్టిపారెయ్యలేం. కానీ అది ముఖ్యంగా చూసేది యాడ్‌లో అబద్ధం ఉందా, గొప్పలు ఎక్కువయ్యాయా అని. 'ఇది తాగితే పొడుగవుతారు' అంటే రుజువు అడుగుతుంది. చిప్స్ కరకరలాడతాయంటే అందులో అబద్ధమేముంది?

2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కంపెనీలు ఇచ్చిన ఆ మాటనే రూల్‌గా చేసింది. చిప్స్, గ్యాస్ డ్రింకుల్లాంటివి పిల్లల ప్రోగ్రాముల్లో, పిల్లల చానెళ్లలో వెయ్యకూడదు. తప్పుదారి పట్టించే యాడ్స్‌కు చట్టంలో మొదటిసారి 10 లక్షల దాకా జరిమానా ఉంది. బాగానే ఉంది కానీ సందు మాత్రం పాతదే, ఇప్పుడు దానికి సర్కారు ముద్ర పడిందంతే. కార్టూన్ చానెల్‌లో అలాంటి యాడ్ కనిపిస్తే చానెల్ పేరు, తేదీ, టైము రాసిపెట్టుకుని 1915కు ఫోన్ చేసి కంప్లయింట్ ఇవ్వండి. సీరియల్ మధ్యలో వచ్చేదానికి మాత్రం మీ చేతిలో ఉన్నది రిమోటే. మొన్న వనపర్తిలో మా అక్క ఇంట్లో చూశాను, మనవరాలు ప్యాకెట్ తెర మీదికి రాకముందే దాని పాట అందుకుంటోంది, సొంత చేనులో పండిన పల్లీలతో చేసిన పట్టీలేమో డబ్బాలో మెత్తబడుతున్నాయి. బ్రేక్ రాగానే అక్క సౌండ్ తీసేసింది, పిల్ల కాసేపు గునిసి వంటింట్లోకి పోయింది.

ప్రశ్న: మా కిరాణం బడి గేటుకు ఎదురుగానే ఉంది. చిప్స్ అమ్మితే కేసు అవుతుందని భయపెడుతున్నారు.
– ఒక దుకాణదారు, అచ్చంపేట

జవాబు: టెన్షన్ పడకండి, దుకాణం ముయ్యక్కర్లేదు. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న సరుకు బడి ఆవరణలో గానీ గేటు నుంచి 50 మీటర్ల లోపు గానీ బడిపిల్లలకు అమ్మకూడదని, అక్కడ దాని ప్రచారం కూడా చెయ్యకూడదని 2020లో ఆహార భద్రతా సంస్థ నిబంధన తెచ్చింది. పెద్దవాళ్లు వచ్చి కొనుక్కుపోతే అది వేరే సంగతి. ముందు ఆ కంపెనీవాళ్లు ఫ్రీగా బిగించిపోయిన రంగుల బోర్డు తీయించండి, ఆ తర్వాత పిల్లల కళ్ల ఎత్తులో వేలాడుతున్న అయిదు రూపాయల ప్యాకెట్ల దండలు లోపలికి మార్చండి.