హీదర్‌కి ఎరువు పెట్టకు తల్లీ

చి.సౌ. లాస్యకి పెద్దమ్మ ఆశీస్సులు.

ఇంగ్లండులో మీ రెడింగ్ కొత్త ఇంటి ముందు హీదర్, అదే చిన్న చిన్న పూలు పూసే పొట్టి పొద మొక్కలు, వేస్తున్నానని ఫోన్లో చెప్పావు. పేడ ఎరువు బస్తా కూడా తెచ్చి పెట్టానన్నావు. ఆ బస్తా టమాటాలకి దాచుకో. హీదర్ దగ్గరికి మాత్రం రానివ్వకు.

మనవాళ్ళకి మొక్కని చూస్తే చెయ్యి ఊరుకోదు. బూడిదో, గుడ్డు పెంకులో, పేడో ఏదో ఒకటి వెయ్యాలి. గులాబీకి, మల్లెకి చెల్లుతుంది. హీదర్ పుట్టిందే బీద నేలలో. ఆగస్టు చివర్లో ఒక ఆదివారం ఇటు సర్రే వైపు రండి, చోబమ్ కామన్ అనే బీడు మైదానం చూపిస్తాను. ఇంకో పంటేదీ నిలవని ఇసుక నేలలో ఊదా రంగు ఎలా పరుచుకుని ఉంటుందో చూద్దువు. దాని వేళ్ళు వెంట్రుకల్లా సన్నం. వాటిలోనే ఒక జాతి శిలీంధ్రం కాపురముంటుంది, ఆ బీద మట్టిలోంచి తిండి తెచ్చిపెట్టేది అదే. బూడిదకీ పెంకులకీ సున్నం గుణం. అది మట్టిలో కలిసిందంటే నేలలో ఇనుము ఉన్నా మొక్కకి అందదు. కొసల్లో లేత ఆకులు పసుపెక్కుతాయి. అది చూసి ఆకలేసిందనుకుని ఇంకొంచెం ఎరువు వేస్తాం!

కాబట్టి ముందు నీ మట్టి సంగతి తేల్చుకో. గార్డెన్ సెంటర్లో పీహెచ్, అంటే నేల ఆమ్లపుదో సున్నపుదో చెప్పే అంకె, చూసే కిట్ చవగ్గానే దొరుకుతుంది. 6 లోపు చూపిస్తే ఏ హీదరైనా వేసుకోవచ్చు. 7 దాటితే సున్నపు నేల. పక్కింటివాళ్ళ హైడ్రేంజియాలు కూడా గమనించు. నేలలో వేసినవి నీలంగా పూస్తుంటే నేల ఆమ్లపుదే.

సున్నపు నేలని తేలినా దిగులు పడకు. హీదర్లలో ఆగస్టు, సెప్టెంబర్లలో పూసే కలూనా అనే రకానికి ఆమ్ల నేల తప్పనిసరి. ఎరికా కార్నియా, ఎరికా డార్లియెన్సిస్ అనే చలికాలపు హీదర్లు మాత్రం కాస్త సున్నాన్ని ఓర్చుకుంటాయి. నన్నడిగితే మట్టి ఎలాంటిదైనా మొదట ఇవే వెయ్యమంటాను. తోటలో ఇంకేమీ లేని జనవరి, ఫిబ్రవరిల్లో ఇవి పూస్తాయి. చలికాలం మధ్యలో ఎండ కాసిన రోజున బయటికొచ్చే తుమ్మెదలకి వీటి మకరందమే దిక్కు. తెల్లపూలకి స్ప్రింగ్‌వుడ్ వైట్, ముదురు గులాబీకి మైర్టన్ రూబీ అడుగు.

కొనేటప్పుడు మోసపోకు. శరదృతువులో నీలం, పసుపు, ఆకుపచ్చ పూలతో కనిపించేవి రంగు కొట్టిన మొక్కలు. ఎరికా గ్రాసిలిస్ అని ఇంకోటి అమ్ముతారు. చూడముచ్చటగా ఉంటుంది, కానీ దాని పుట్టిల్లు దక్షిణాఫ్రికా, గట్టి మంచుకి తట్టుకోదు. గుమ్మం ముందు కుండీలో కొన్నాళ్ళు ముచ్చట తీర్చుకోవడానికే అది. కలూనాల్లో మొగ్గ విచ్చని రకాలున్నాయి. రంగు నెలల తరబడి నిలుస్తుంది కానీ తేనెటీగలకి వాటివల్ల ఉపయోగం లేదు.

నాటడానికి సెప్టెంబర్, అక్టోబర్ మంచి అదను. ముందు కుండీని బకెట్ నీళ్ళలో బుడగలు ఆగేదాకా ముంచు. వేళ్ళు చుట్టుకుపోయి ఉంటే చేత్తోనే కొంచెం విడదియ్యి. కింది ఆకులు మట్టిని తాకేంత లోతుగా పెట్టు. మొక్కకీ మొక్కకీ 30 నుంచి 45 సెంటీమీటర్ల ఎడం ఉంచి, ఒకే రకం మూడో అయిదో కలిపి వెయ్యి. రకానికొకటి చొప్పున వేస్తే సంతలా ఉంటుంది. మీది బంకమట్టి అయితే గొయ్యి తీసి అందులో మంచి కంపోస్టు నింపకు. వానలకి ఆ గొయ్యే బావి అవుతుంది, వేళ్ళు కుళ్ళుతాయి. నేలమీదే మట్టి ఎత్తుగా పోసి అక్కడ నాటు. పైన చెట్టు బెరడు ముక్కలు పరిస్తే చాలు.

మీ కెటిల్ అడుగున కట్టే తెల్లపెచ్చు చూశావుగా. అదే నీళ్ళు రోజూ కలూనాకి పోస్తే సున్నం పోసినట్టే. అల్లుడితో చెప్పి చూరు గొట్టం కింద వాననీళ్ళ డ్రమ్ము పెట్టించు. మొదటి వేసవి అంతా వేళ్ళ దగ్గర తడి ఆరకూడదు. ఆ తర్వాత దాని పాట్లు అదే పడుతుంది.

ఇక కత్తిరింపు. నువ్వు చెయ్యాల్సిన అసలు పని ఇదొక్కటే, అందరూ ఎగ్గొట్టేదీ ఇదే. కలూనాని మార్చి, ఏప్రిల్లో కొత్త చిగురు రాకముందు కత్తిరించు. చలికాలం రకాలని పూలు వాడగానే, అంటే ఏప్రిల్లో. ఎండిన పూల కంకికి కొంచెం కిందగా, ఆకు ఉన్నంత మేరకే తియ్యి. ఆకు లేని గోధుమరంగు కాడలోకి కత్తెర దిగిందా, అక్కడ మళ్ళీ చిగురు వెయ్యడం కష్టం. ఏటా తియ్యకపోతే నాలుగేళ్ళకి నడుమ బోడై, చివర్లు మాత్రమే పచ్చగా మిగులుతుంది. అంత ముదిరిన మొక్క ఎప్పుడైనా చేతికొస్తే పక్క కొమ్మని వంచి, నడుమ భాగం మట్టిలో కప్పి, రాయి పెట్టు. ఏడాదికి వేరు పోసుకుంటుంది, అప్పుడు కోసి వేరే నాటుకో.

కలూనా కావాలని మరీ మనసైతే కుండీలో పెంచు. ఎరికేషియస్ కంపోస్టు, అంటే ఆమ్ల నేల మొక్కల కోసం చేసినది, అని అడుగు. పీట్, అంటే చిత్తడి నేలల్లోంచి తవ్వి తెచ్చే మట్టి, లేనిది తీసుకో. మిగిలింది బ్లూబెర్రీకి పనికొస్తుంది, రెండూ ఒకే కుటుంబం.

మీ అమ్మ బెజవాడకి ఒక మొక్క పట్టుకెళ్తానంటోందట. వద్దని చెప్పు, మే నెల ఎండకి వారం కూడా ఆగదు. ఫోటో పంపించు చాలు.

శనివారం నర్సరీకి వెళ్తే, డబ్బు కట్టే ముందు లేబుల్ రెండు వైపులా ఫోటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి.

మీ పెద్దమ్మ