మార్జిన్ ఆటో పెట్టినా డివ్ పైనే ఎందుకు ఉండిపోతోంది?

"సీఎస్ఎస్‌లో (వెబ్ పేజీ రూపం రాసే భాషలో) మార్జిన్ జీరో ఆటో పెడితే డివ్, అంటే పేజీలో ఒక పెట్టె, అడ్డంగా మధ్యకొచ్చింది, నిలువుగా మాత్రం పైనే ఉండిపోయింది" అని మీరు అడిగారు. పేరెంట్‌కి, అంటే ఆ డివ్‌ని చుట్టి ఉన్న బయటి పెట్టెకి, డిస్‌ప్లే గ్రిడ్, ప్లేస్-ఐటెమ్స్ సెంటర్, మిన్-హైట్ 100డీవీహెచ్ (స్క్రీన్ ఎత్తుని కొలిచే యూనిట్) పెట్టండి, పని అయిపోతుంది. ఆ డీవీహెచ్‌లో "డీ" ఎందుకో మాత్రం నేను పరువు పోగొట్టుకుని తెలుసుకున్నాను.

రెండేళ్ల కిందట శ్రీకాకుళంలో మా మేనమామ కూతురి పెళ్లి. ఇంట్లో ఒకడికి కోడింగ్ వస్తే చాలు, ఆధార్ అప్‌డేట్ నుంచి టీవీ రిమోట్ దాకా అన్నీ వాడి నెత్తినే. "చిన్న పనే కదా" అంటారు. అలాగే శుభలేఖ వెబ్ పేజీ కూడా నాకే తగులుకుంది. పేజీ మధ్యలో ఒక పెట్టె, అందులో వధూవరుల పేర్లు, కింద రెండు బటన్లు. గంటలో చేసేసి లింకు పంపాను.

మా మావయ్య విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఒక ప్రెస్‌లో ముప్ఫై ఏళ్లు కంపోజింగ్ (అచ్చు అక్షరాలు పేర్చే పని) చేసిన మనిషి. ఫోన్‌లో చూసి, "ఏట్రా, పెట్టె కిందికి జారిపోనాది?" అన్నాడు.

"లేదు మావయ్యా, కరెక్టుగా సగంలోనే ఉంది" అని ల్యాప్‌టాప్ చూపించాను.

మాట్లాడలేదు. గోడ క్యాలెండర్ నుంచి పాత కాగితం చింపి, ఫోన్‌లో పేజీ కనిపిస్తున్నంత మేర పొడవుకి ఒక పట్టీ కత్తిరించాడు. దాన్ని సగానికి మడిచి, గోరుతో గీరి, విప్పి మళ్లీ స్క్రీన్ మీద పెట్టాడు. మడత గీత ఒకచోట, నా పెట్టె నడుం దానికి కొంచెం కింద. పక్కన పెళ్లికూతురు నవ్వుతోంది!

తప్పు నాదే, డీవీహెచ్ బదులు "డీ" లేని పాత యూనిట్‌తో 100వీహెచ్ రాశాను. ఫోన్ బ్రౌజర్లు ఆ వీహెచ్‌ని అడ్రస్ బార్ దాక్కున్నప్పటి ఎత్తుతో లెక్కేస్తాయి. పేజీ తెరవగానే బార్ కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి, దాని ఎత్తులో సగం మేర పెట్టె కిందికి దిగుతుంది. 2022లో ప్రధాన బ్రౌజర్లన్నిటికీ వచ్చిన డీవీహెచ్ అయితే అప్పటికి కనిపిస్తున్న ఎత్తునే తీసుకుంటుంది, "డీ" అంటే డైనమిక్.

మార్జిన్ ఆటో అసలు సంగతి కూడా ఆ రోజు మావయ్య దగ్గరే అర్థమైంది. సీసం అక్షరాల రోజుల్లో లైను మధ్యకి రావాలంటే స్టిక్‌లో (అక్షరాలు పేర్చే చేతి పట్టీలో) మిగిలిన చోటుని రెండు పక్కలా సమానంగా క్వాడ్లతో నింపేవారట, అంటే ఖాళీ సీసం ముక్కలు. మార్జిన్ ఆటో చేసేదీ అదే. విడ్త్ (వెడల్పు) ఇవ్వకపోతే డివ్ స్టిక్ లాంటి ఆ చోటంతా తనే ఆక్రమిస్తుంది, ఇక పంచడానికేం మిగలదు. నిలువుగా అయితే మామూలు బ్లాకులకి పైనా కిందా ఆటో అంటే సున్నా కిందే లెక్క. మీకు జరిగింది ఇదే. కోచింగ్ సెంటర్లలో ఫ్రేమ్‌వర్కులు నూరిపోస్తారు గాని ఈ ఒక్క ముక్క చెప్పేవాడు లేడు.

తర్వాత బటన్ల గొడవ. ఒకదాని మీద "ముహూర్తం", ఇంకోదాని మీద "వేదిక". మొదటిది బాగుంది, రెండోది పైకి లేచినట్టు ఉంది. "వత్తుకి వదిలిన చోటురా అది" అన్నాడు మావయ్య. నిజమే, తెలుగు ఫాంట్లు వత్తుల కోసం కింద చోటు ఉంచుతాయి. వత్తు లేని పదం వస్తే ఆ చోటు ఖాళీగా మిగిలి, అక్షరాలు పైకి పోయినట్టు కనిపిస్తాయి. బ్రౌజర్ దృష్టిలో రెండూ మధ్యలోనే ఉన్నాయి, కంటికి మాత్రం కాదు. బటన్‌కి ప్యాడింగ్-టాప్ (లోపల పైన వదిలే ఖాళీ) 3 పిక్సెల్స్ పెంచి రాజీపడ్డాను. లైన్-హైట్ (ఒక్కో లైనుకి ఇచ్చే ఎత్తు) మరీ బిగించకండి, పై లైను వత్తులు కింది లైను గుడులకి తగులుకుంటాయి. నేను 1.7 ఉంచుతాను. ఇంగ్లిష్ పేజీ చూసి డిజైన్ గీసేవాళ్లకి ఈ బాధ తెలియదు.

మధ్యకి తేవడానికి పొజిషన్ యాబ్సల్యూట్ పెట్టి, టాప్, లెఫ్ట్ 50 శాతం, ట్రాన్స్‌లేట్ మైనస్ 50 శాతం అని ఎవరో చెబుతారు, వినకండి. పెట్టె స్క్రీన్ కంటే పొడవైతే పై భాగం కనిపించదు, స్క్రోల్ చేసినా రాదు.

గ్రిడ్ పెట్టినా కదలకపోతే పేరెంట్‌కి ఎర్ర బోర్డర్ పెట్టి చూడండి. బ్యాక్‌గ్రౌండ్ రంగుని మాత్రం నమ్మొద్దు, బాడీకి వేసిన రంగు ఎత్తు లేకపోయినా పేజీ అంతా పరుచుకుంటుంది. ఆ ఎర్ర గీత మీ డివ్ చుట్టూనే బిగుసుకుని ఉంటే, పేరెంట్‌కి ఎత్తే లేనట్టు.